వాళ్ళే చూసుకుంటారట!

మా పిన్ని కూతురు కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతోంది. పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, అమెరికాలో స్కూల్ జాబ్ వచ్చింది. జూమ్‌లో ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. వీసా సంగతి వాళ్ళే చూసుకుంటారట."

"వాళ్ళంటే ఎవరే?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "అదే... వాళ్ళే," అంది.

నేను షార్జాలో ఆరేళ్ళు ఫిజిక్స్ చెప్పి వచ్చినదాన్ని. చుట్టాల్లో, పాత కొలీగ్స్‌లో ఎవరికి ఇలాంటి ఆఫర్ వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. అందరి నోటా ఇదే మాట, వాళ్ళే చూసుకుంటారట. ఉద్యోగం, పాఠం చెప్పడానికి కావలసిన లైసెన్సు, ఆ దేశంలో ఉండే అనుమతి, ఈ మూడూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తారని మనవాళ్ళ నమ్మకం. నిజానికి ఉద్యోగం ఇచ్చేది స్కూలు, లైసెన్సు ఇచ్చేది అక్కడి విద్యాశాఖో టీచర్ల మండలో, ఉండనిచ్చేది ఇమిగ్రేషన్ వాళ్ళు. మధ్యలో మన కన్సల్టెన్సీ. ఇందులో ఎవరి సంతకం ఆగిపోతే మనం ఇంటికి తిరిగి రావాలో, అదే అసలు తెలుసుకోవలసింది. అది దేశానికో రకంగా ఉంటుంది.

ముందు మా చెల్లెలి సంగతే చూద్దాం. స్కూలు టీచర్లు అమెరికాకి ఎక్కువగా వెళ్ళేది జె-1 వీసా మీద. పేరుకు ఇది ఉద్యోగ వీసా కాదు, సాంస్కృతిక మార్పిడి వీసా. అమెరికా విదేశాంగ శాఖ కొన్ని సంస్థలకు స్పాన్సర్ హోదా ఇస్తుంది. ఆ స్పాన్సరే మన పేరు మీద డీఎస్-2019 అనే ఫారం జారీ చేస్తుంది. ఆ ఫారం ఉంటేనే కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. జీతం స్కూలు ఇచ్చినా, మనం అక్కడ ఉండటం స్పాన్సర్ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. మా చెల్లెలికి జూమ్‌లో కనపడింది స్కూలు ప్రిన్సిపాల్. వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నది అమీర్‌పేట కన్సల్టెన్సీ. స్పాన్సర్ ఎవరో దానికి అప్పటికి తెలియదు. మూడు రకాల 'వాళ్ళు' అన్నమాట. అందులో అసలువాళ్ళ పేరే ఇంకా వినలేదు.

ఈ వీసాకి అర్హతలు పెద్ద బ్రహ్మవిద్య కాదు. అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమైన డిగ్రీ, కనీసం రెండేళ్ళ బోధనానుభవం, ఇంగ్లీషు, ఆపైన ఆ రాష్ట్రం అడిగే లైసెన్సు నిబంధనలు. మూడేళ్ళ బీఎస్సీ ఒక్కటే అయితే అక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి సమానమని చాలాచోట్ల ఒప్పుకోరు. దానికి బీఎడ్ తోడైతే డిగ్రీలు మదింపు చేసే సంస్థలు సాధారణంగా సరిపెడతాయి. అయితే ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే జారతారు. దరఖాస్తు చేసే నాటికి మనం ఇక్కడ టీచరుగా పనిచేస్తూ ఉండాలి. లేదంటే గడిచిన పన్నెండు నెలల్లో పై డిగ్రీ ఏదైనా పూర్తిచేసి, గత ఎనిమిదేళ్ళలో రెండేళ్ళ అనుభవం చూపించాలి. మా చెల్లెలికి కన్సల్టెన్సీ అబ్బాయి ఇచ్చిన మొదటి సలహా ఏమిటో తెలుసా? "మేడమ్, ముందు రిజైన్ చేసేయండి, నోటీసు పీరియడ్ అయిపోతుంది." చేసి ఉంటే కథ అక్కడే ముగిసేది.

గడువు మూడేళ్ళు. స్కూలూ స్పాన్సరూ కోరితే ఒకటి లేదా రెండేళ్ళు పొడిగిస్తారు. మొత్తం ఐదేళ్ళకు మించదు. ఆ తర్వాత మళ్ళీ ఇదే టీచర్ ప్రోగ్రాంలో వెళ్ళాలంటే మధ్యలో రెండేళ్ళు అమెరికా బయట ఉండాలి. వారానికి కనీసం 32 గంటలు బోధన, దానికి సంబంధించిన పనులు ఉండాలి. మార్పిడి వీసా కాబట్టి ఏడాదికోసారి మన సంస్కృతి గురించి అక్కడ ఒక కార్యక్రమం చేయాలి. అక్కడి పిల్లలు మన స్కూలు పిల్లలతోనో, ఇంకో దేశం పిల్లలతోనో మాట్లాడే ఏర్పాటు కూడా చేయాలి. సంక్రాంతి ముగ్గులు వేయించి ఫొటోలు పంపితే అయిపోతుందిలే అని కొట్టిపారేయకండి, స్పాన్సర్‌కి రిపోర్టు ఇవ్వాలి. భర్తకో భార్యకో జె-2 వస్తుంది. విడిగా అనుమతి తీసుకుంటే వాళ్ళూ ఉద్యోగం చేసుకోవచ్చు.

జె-1 అనగానే మనవాళ్ళు భయపడేది 'రెండేళ్ళ రూలు' గురించి. ప్రోగ్రాం అయ్యాక స్వదేశంలో రెండేళ్ళు ఉంటే తప్ప హెచ్-1బి ఉద్యోగ వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ కుదరదు అనే షరతు. ఇది అందరికీ వర్తించదు. టీచర్లలో అయితే ప్రభుత్వ సొమ్ముతో వెళ్ళినవాళ్ళకీ, తమ దేశానికి కావలసిన నైపుణ్యాల జాబితాలో ఉన్నవాళ్ళకీ మాత్రమే. ఆ జాబితాని 2024 డిసెంబర్ 9న సవరించి భారతదేశాన్ని అందులోంచి తీసేశారు, అంతకుముందు వెళ్ళినవాళ్ళకి కూడా వర్తించేలా. కాబట్టి కేవలం జాబితా వల్ల ఆ షరతులో ఇరుక్కున్న మన టీచర్లు బయటపడ్డారు. ప్రభుత్వ నిధుల మీద వెళ్ళినవాళ్ళకి షరతు అలాగే ఉంది. పాత వీసా స్టాంపు మీద షరతు వర్తిస్తుందని అచ్చు వేసి ఉన్నా కంగారు పడకుండా ఒకసారి సరిచూసుకోవాలి. ఇందాక చెప్పిన, మళ్ళీ టీచరుగా వెళ్ళడానికి రెండేళ్ళు ఆగే నిబంధన మాత్రం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

డబ్బు దగ్గర ఇంకో తిరకాసు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 22వ అధికరణం టీచర్లకు రెండేళ్ళు అమెరికా ఆదాయపు పన్ను మినహాయింపు ఇస్తుంది. వినడానికి బావుంది. కానీ అక్కడ ఉండటం రెండేళ్ళు దాటిందా, మొదటి రోజు నుంచీ ఉన్న మినహాయింపు మొత్తం పోతుంది, రెండు దేశాల అధికారులు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప. మూడేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళేవాళ్ళు మొదటి రెండేళ్ళూ పన్ను కట్టకుండా ఖర్చుపెట్టేసి, మూడో ఏట వెనకటి బాకీ మొత్తం ఒక్కసారి కట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. వెళ్ళే ముందే ఎన్నేళ్ళుంటామో తేల్చుకుని, మినహాయింపు వాడాలా వద్దా నిర్ణయించుకోవడం మేలు.

ఇక హెచ్-1బి. ఏటా 85,000 వీసాలకు లాటరీ. యూనివర్సిటీలకు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకు ఈ లాటరీ లేదు. మామూలు ప్రభుత్వ స్కూలుకి ఆ మినహాయింపు దానంతట అది రాదు. దగ్గర్లోని యూనివర్సిటీతో ట్రైనీ టీచర్ల ఒప్పందం లాంటిది ఉంటే రావచ్చు. దీనికి తోడు 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టే కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలన్నారు. లెక్కల టీచరు కోసం లక్ష డాలర్లు కట్టే స్కూలు బోర్డు ఎక్కడుంటుంది? అమెరికాలోనే ఉండి వేరే వీసా నుంచి మారేవాళ్ళకి ఈ రుసుము వర్తించదని తర్వాత స్పష్టత ఇచ్చారు. అందుకే ఇప్పుడు ముందు జె-1, తర్వాత అక్కడి నుంచే హెచ్-1బి అనే దారి గురించి టీచర్లలో గుసగుసలు ఎక్కువయ్యాయి. దారి ఉన్నమాట నిజమే. కానీ జె-1 ఇంటర్వ్యూలో తిరిగి వస్తామని నమ్మించాల్సిన వీసా. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి గ్రీన్‌కార్డు కబుర్లు చెబితే పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేస్తారు. హెచ్-1బి దొరికి, స్కూలు గ్రీన్‌కార్డుకి పెట్టినా, భారతీయుల క్యూ ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు కేటగిరీలు రెంటిలోనూ పదేళ్ళ పైమాటే.

హెచ్-1బి ఎవరి చేతిలో ఉంటుందో చెప్పే ఉదంతం ఒకటుంది. మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ స్కూలు వ్యవస్థ విదేశీ టీచర్లను, ఎక్కువగా ఫిలిప్పీన్స్ వాళ్ళను, హెచ్-1బి మీద తెచ్చుకుంది. యజమాని భరించాల్సిన వీసా ఖర్చులను టీచర్ల చేత కట్టించిందని కార్మిక శాఖ తేల్చింది. 2011లో రాజీ కుదిరింది. 1,044 మంది టీచర్లకు సుమారు 42 లక్షల డాలర్లు వెనక్కి ఇవ్వాలన్నారు. న్యాయం జరిగిందనుకుంటాం. కానీ శిక్షలో భాగంగా ఆ కౌంటీ రెండేళ్ళపాటు హెచ్-1బి పిటిషన్లు వేయకూడదన్నారు. దాంతో గడువు తీరిన టీచర్ల వీసాలు పొడిగించేవాళ్ళు లేకపోయారు. తప్పు యజమానిది, డబ్బు టీచర్లకు తిరిగి వచ్చింది, ఉద్యోగాలు పోయినవీ టీచర్లవే. వీసా మన ఉద్యోగమిచ్చిన యజమాని పేరు మీద ఉండటం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే కథ నాకు దొరకలేదు.

గల్ఫ్ సంగతి నాకు అనుభవం. 2012లో నన్ను విజిట్ వీసా మీద పిలిపించారు. "రండి మేడమ్, ఇక్కడికొచ్చాక మార్చేస్తాం" అన్నారు. రెండు నెలలు కాంట్రాక్టు లేకుండా పదో తరగతికి ఫిజిక్స్ చెప్పాను. ఒకరోజు ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. నన్నూ ఇంకో ఇద్దరినీ లైబ్రరీ వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. పాత అట్లాసులు, విరిగిన గ్లోబు, మేము ముగ్గురం. ఇరవై ఏళ్ళు చదివి ఇంకోళ్ళ దేశంలో అట్లాసుల మధ్య దాక్కోవడం ఏమిటని ఆ రోజు ఏడుపొచ్చింది. పాస్‌పోర్టు కూడా స్కూలు లాకర్‌లోనే. "సేఫ్‌గా ఉంటుంది" అనేవాళ్ళు. పాస్‌పోర్టు అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారమే తప్పని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు యూఏఈలో పద్ధతి గట్టిపడింది. ఆఫర్ లెటర్, ఎంట్రీ పర్మిట్, దిగాక మెడికల్ టెస్టు, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ, ఆపైన సాధారణంగా రెండేళ్ళ రెసిడెన్స్. పర్మిట్ లేకుండా పనిచేయించుకునే యజమానికి 2024 చట్టం ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జరిమానా. పాఠం చెప్పడానికి మాత్రం విడిగా విద్యాశాఖ అనుమతి కావాలి. దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుధాబిలో అడెక్. జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉంటే కుటుంబాన్ని తీసుకెళ్ళవచ్చు. ఉద్యోగం పోతే రెసిడెన్సూ పోతుంది, కొంత గడువిచ్చి పంపేస్తారు. ఎన్నేళ్ళు పనిచేసినా పౌరసత్వం మాట లేదు. ఆ ఆశతో ఎవరూ వెళ్ళరు కూడా. గ్రాట్యుటీ చేతికి వస్తుంది, మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. ఆఫర్ లెటర్‌లో బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచేది ఇందుకే, అది గమనించండి.

ఈ మధ్య వచ్చిన మార్పు గోల్డెన్ వీసా. దుబాయ్ 2024 అక్టోబర్‌లో, ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం నాడు, ప్రైవేటు స్కూళ్ళలో మంచి పేరున్న టీచర్లకు పదేళ్ళ వీసా ప్రకటించింది. రస్ అల్ ఖైమా కూడా అదే బాట పట్టింది. దీని అసలు విలువ పదేళ్ళలో లేదు. ఈ వీసా స్కూలు పేరు మీద ఉండదు, మన పేరు మీద ఉంటుంది. అదెంత తేడానో లైబ్రరీ గదిలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ డిగ్రీ సర్టిఫికెట్‌ని ఒకసారి తిప్పి చూడండి. ముందువైపు యూనివర్సిటీ ముద్ర ఒకటే. వెనకవైపు మాత్రం రాష్ట్ర విద్యాశాఖ స్టాంపు, విదేశాంగ శాఖ స్టిక్కరు, ఎంబసీ ముద్ర, ఆ పైన అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, పాత పెట్టె మీద రైల్వే లేబుళ్ళలా. ఒకే ముద్రతో చాలా దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణని అపోస్టిల్ అంటారు. యూఏఈకి అది చెల్లదు, ఈ మెట్లన్నీ ఎక్కాలి. సౌదీ మాత్రం 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ ఒప్పుకుంటోంది. ఒమన్, బహ్రెయిన్ అంతకుముందు నుంచే.

మన దగ్గర అసలు టెన్షన్ ఈ స్టాంపులకు ముందే మొదలవుతుంది. ప్రైవేటు స్కూళ్ళలో చాలాచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే తీసుకుని బీరువాలో పెడతారు. మధ్యలో వెళ్ళిపోకుండా అదో సంకెల. అడిగితే "అకడమిక్ ఇయర్ అయ్యాక" అంటారు. జీతంలో సగం నగదుగా చేతికి ఇచ్చినచోట అనుభవానికి పీఎఫ్ ఆధారం కూడా ఉండదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాసినా తేదీలు పే స్లిప్పులతో కలవవు.

ఇక పేరు. పదో తరగతి మెమోలో 'వి. లక్ష్మి', డిగ్రీలో 'లక్ష్మి వి', పెళ్ళయ్యాక తీసిన పాస్‌పోర్టులో అత్తింటి పేరు. మనకి ముగ్గురూ ఒకటే, వీసా ఆఫీసరుకి ముగ్గురు వేర్వేరు మనుషులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మన పేరు ఇంటిపేరైపోయి, అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. యూఏఈ అయితే 2022 నవంబర్ నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుకి విజిట్ వీసానే ఇవ్వడం లేదు. ఆఫర్ రాకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం వెయ్యి రెట్లు సుఖం.

బ్రిటన్‌లో టీచర్లకు స్కిల్డ్ వర్కర్ వీసా. ఇదీ స్కూలు స్పాన్సర్ చేయాల్సిందే. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. ఈ వీసాకి సాధారణంగా కనీస జీతం 41,700 పౌండ్లని విని చాలామంది ఆశ వదులుకుంటారు. జాతీయ పే స్కేలు మీద ఉండే టీచర్లకు అది వర్తించదు. వాళ్ళకి ఆ స్కేలు ప్రకారం ఇవ్వాలి, కనీసం 25,000 పౌండ్లు ఉండాలి. ఇంగ్లాండ్‌లో క్యూటీఎస్ అనే టీచర్ హోదాకి 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో శిక్షణ పొందినవాళ్ళు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు ఇచ్చారు. అయితే 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు లెక్కలు, సైన్స్, భాషలు చెప్పేవాళ్ళకే తలుపు తీశారు. సోషల్ టీచర్లకి లేదు, పాపం. ఖర్చులో మనవాళ్ళు మర్చిపోయేది హెల్త్ సర్‌చార్జి. పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. దంపతులు, ఇద్దరు పిల్లలు మూడేళ్ళ వీసాకి వెళ్తే 10,866 పౌండ్లు, అదీ వీసా దరఖాస్తుతో పాటే కట్టాలి. ఐదేళ్ళు ఉంటే శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చన్నది ఇన్నాళ్ళ లెక్క. 2025 మేలో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం దాన్ని పదేళ్ళు చేస్తామంది. కన్సల్టెన్సీల బ్రోచర్లలో ఇంకా ఐదేళ్ళే ఉంటుంది.

ఆస్ట్రేలియా, కెనడా దారి దీనికి తలకిందులు. అక్కడ ముందు మన అర్హత తేల్చుకుని, శాశ్వత నివాసం (పీఆర్) మన పేరు మీద తెచ్చుకుని, తర్వాత ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆస్ట్రేలియాలో ఎయిట్‌సెల్ అనే సంస్థ మదింపు చేస్తుంది. నాలుగేళ్ళ ఉన్నత విద్య, అందులో ఏడాది టీచర్ శిక్షణ, 45 రోజుల టీచింగ్ ప్రాక్టీస్ ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, రాయడం 7, వినడం, మాట్లాడటం 8. ఈ ఎనిమిదే చాలామందిని ఆపేది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు మీడియంలో పాఠం చెప్పిన సార్లు కూడా రెండోసారి, మూడోసారి రాస్తుంటారు. కెనడా 2025 ఫిబ్రవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో విద్యారంగానికి ప్రత్యేక కేటగిరీ పెట్టింది. మే 1న జరిగిన మొదటి డ్రాలో 1,000 మందిని పిలిచింది, కటాఫ్ 479 పాయింట్లు. పీఆర్ వచ్చినంత మాత్రాన బడిలో అడుగు పెట్టనివ్వరు, ప్రావిన్సు టీచర్ లైసెన్సు వేరే తెచ్చుకోవాలి. పీఆర్ చేతిలో పెట్టుకుని ఏడాది పాటు గోదాములో పనిచేసిన బయాలజీ టీచరు నాకు తెలుసు. దిగాక లైసెన్సుకి పెట్టాడాయన. ఇక్కడుండగానే మొదలుపెట్టి ఉండాల్సింది.

ఇవేవీ కాకుండా, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి ఇథియోపియా కాలేజీలకు వెళ్ళిన లెక్చరర్లు, మాల్దీవుల దీవుల్లో పాఠాలు చెప్పి వచ్చిన మేస్టర్లు మన జిల్లాల్లో కనపడుతూనే ఉంటారు. అక్కడ కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళు ఉద్యోగం, తర్వాత ఇల్లు. వాళ్ళ ముఖాల్లో ఈ వీసా ఆందోళన నేనెప్పుడూ చూడలేదు.

చివరగా కన్సల్టెన్సీ ఫీజు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఉద్యోగి దగ్గర గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే తీసుకోవచ్చు. పదో తరగతి పాసైనవాళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి టీచర్లకు ఈ చట్టంతో పనే లేదని కొందరు ఏజెంట్లు చెబుతారు. క్లియరెన్స్ వేరు, ఏజెంటు లైసెన్సు వేరు. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయి. మా చెల్లెల్ని అడిగింది నాలుగున్నర లక్షలు. ఏమేమిటికో చెప్పమంటే "ప్యాకేజీ మేడమ్" అన్నాడట. జె-1 స్పాన్సర్ ఖర్చులన్నీ విడివిడిగా రాసి ముందే ఇవ్వాలని నిబంధన. ప్యాకేజీ అనే పద్దు అందులో ఉండదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మెయిల్ రాశాం. డీఎస్-2019 మీద ఉండే స్పాన్సర్ పేరేమిటి? జీతం అక్కడి టీచర్ల స్కేలే కదా? మొదటి ఏడాది తర్వాత స్కూలు వద్దంటే ఇంకో స్కూలుకి మారనిస్తారా? ఖర్చుల జాబితా ఏది? స్కూలుకీ కన్సల్టెన్సీకీ ఇద్దరికీ ఒకే మెయిల్. స్కూలు నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చింది. స్పాన్సర్ పేరు చెప్పారు, స్కేలు కాగితం జతచేశారు, మారడం స్పాన్సర్ ఇష్టమన్నారు. ఖర్చుల జాబితా సోమవారం పంపుతానని కన్సల్టెన్సీ అబ్బాయి మెసేజ్ పెట్టాడు.

ఇవాళ గురువారం. జాబితా రాలేదు. చెల్లెలు మాత్రం నిన్న స్కూలుకి వెళ్ళి, బ్యాంకు లోన్‌కి కావాలని చెప్పి, బీరువాలోంచి ఒరిజినల్స్ తెచ్చేసుకుంది.